రెండో వాటా

కుక్క చచ్చి మూడు రోజులైంది. చంపిందెవరో ఊరంతా కలిసి తేల్చేసింది. ఇంక కాశీవిశ్వనాథం వచ్చి తేల్చడానికి ఏమీ మిగల్లేదు.

అయినా వచ్చాడు. కోటబొమ్మాళి స్టేషన్లో ప్యాసింజరు దిగి, ఆటో దొరక్క, కుక్క యజమాని, మిల్లు జగన్నాధం గారి ఇంటిదాకా నడిచేసరికి రెండు మోకాళ్ళూ మొర్రోమన్నాయి. పోలీసు ఉద్యోగం వదిలి అయిదేళ్ళు. విజయనగరంలో 'ప్రైవేటు డిటెక్టివు' అని బోర్డు కట్టుకున్న పాపానికి ఇన్నాళ్ళూ పెళ్ళి సంబంధాల వాకబులు చేశాడు. పిల్లాడు తాగుతాడా, పిల్లకి ముందో సంబంధం తప్పిందా. ఇప్పుడు కుక్క.

ఇంటి ముందు పోలీసు జీపు. వెనక సీట్లో డాక్టరు శైలజ కూర్చునుంది, పక్కన ఆడ కానిస్టేబులు. శ్రీకాకుళంలో పశువుల ఆసుపత్రి సొంతంగా నడుపుకుంటున్న పిల్ల. ఆ ఆసుపత్రికి నిన్న తాళం పడింది. రాత్రి ఫోను చేసి, మాట్లాడలేక ఏడ్చింది. అందుకే వచ్చాడు.

"మీరు నిజంగా వచ్చేరా!" అంది.

"రమ్మన్నారు, వచ్చేను. మొదట్నుంచి చెప్పండమ్మా. కుదురుగా. నాకు వినికిడి బాగానే ఉంది గానీ ఓపిక తక్కువ."

"బుల్లోడికి, అదే ఆ కుక్కకి, పొట్ట కింద గడ్డ లేచింది. కోసి తీసేను. క్యాన్సరే. మళ్ళీ రావచ్చని కూడా చెప్పేను. జగన్నాధం గారు ఊరుకోలేదు, ఇంకేదో ఉండాలి, ఉంటే చెప్పమన్నారు. బయటి దేశాల్లో కొందరు డాక్టర్లు మిసిల్టో అని ఓ మొక్క రసం చర్మం కింద ఇంజక్షన్ చేస్తారు. ఆకలి పుడుతుందని, హుషారుగా ఉంటుందని అంటారు. అసలు మందు ఆపరేషనే, ఇది తోడు మందు, రుజువు కూడా తక్కువే అని ముందే చెప్పేను. సరేనన్నారు. తెప్పించేను."

"చచ్చిన రోజు, ఆదివారం?"

"పొద్దున్న తొమ్మిదింటికి ఇచ్చేను. ఎప్పటి మోతాదే. ఎప్పటి పెట్టెలోదే. సాయంత్రం దీపాలవేళకి చచ్చిపోయిందన్నారు."

"ఆ మొక్కని ఇంట్లో వాళ్ళకి ఏమని చెప్పేరు?"

శైలజ కళ్ళు తుడుచుకుంది. "మిసిల్టో అంటే ఎవరికి అర్థమవుతుంది? నారాయణమ్మ గారని, జగన్నాధం గారి అక్క. కుక్కని సాకేది ఆవిడే. మన బదనిక లాంటిదేనమ్మా, చెట్టు కొమ్మ మీద ఇంకో చెట్టు మొలుస్తుంది చూడండి, ఆ జాతి, అన్నాను. మనుషులకి కూడా ఇస్తారా అని అడిగేరు. అక్కడ ఇస్తారట అన్నాను."

"మంచిది" అన్నాడు కాశీవిశ్వనాథం. మంచిదో కాదో అతనికి తెలీదు. ఏ మాటకైనా అతను అలాగే అంటాడు.

అరుగు మీదనుంచి నవ్వు వినిపించింది. ఎస్సై నరేష్. ఒకప్పుడు కాశీవిశ్వనాథం కిందే కానిస్టేబులుగా చేరి, పరీక్షలు రాసి, పైకెళ్ళినవాడు.

"ఏటి మావా! కుక్కల కేసులకి కూడా దిగిపోనావా? రేపు పిల్లి తప్పిపోయిందంటే సెప్తాను, నంబరుంది కదా."

"పిల్లి కేసయితే నువ్వే చూసుకోగలవులే. పోస్టుమార్టం చేయించేవా?"

"కుక్కకి పోస్టుమార్టమేటి మావా? ఆ రాత్రే పెరట్లో పూడ్సీసినారు. జగన్నాధం గారు మంచమెక్కీసినారు. కొడుకు కళ్యాణ్ దగ్గరుండి పూడిపించినాడు, తండ్రి ఏడుపు సూళ్ళేక."

"మరి డాక్టరమ్మే చంపిందని ఎలా తేల్చేవు?"

నరేష్ సెల్లు తీసి అతని మొహం ముందు పెట్టాడు. "సూడు. ఆ మొక్క విషమని నెట్టులో ఉన్నాది. పచ్చిది తింటే ప్రమాదం. విషం ఎక్కించింది, కుక్క పోయింది. సెక్షనున్నాది."

"తొమ్మిదింటికి ఎక్కించిన విషం పగలంతా ఏం చేసింది? నిద్రపోయిందా?"

"మెల్లగా ఎక్కుతాది."

"ఎలా చచ్చింది? చూసినవాళ్ళున్నారా?"

"ఇంటిల్లిపాదీ సూసినారు. నాగుల చవితి కదా, ఈధిలో పిల్లలు బాంబులు కాలుస్తన్నారు. బాంబు పేలినప్పుడల్లా ఎగిరిపడి విల్లులా వంగిపోనాదట. కాళ్ళు కొయ్యబారిపోనాయి, నోరు బిగిసిపోనాది. భయంతో గుండాగిపోనాదని కొందరు. మనకెందుకు? డాక్టరమ్మ సూది సేసినాది, అది సచ్చినాది."

కాశీవిశ్వనాథం అరుగు అంచున కూలబడ్డాడు. కొయ్యబారడం. చప్పుడైతే చాలు, విల్లులా వంగడం. ఆ చావు అతను చూసినదే. వెనకటికి మునిసిపాలిటీ వాళ్ళు తెల్లారగట్ల మాంసం ముక్కల్లో గింజల పొడి పెట్టి వీధి కుక్కలకి వేసేవారు. బందోబస్తుకి అతన్ని పంపేవారు. గంట తిరక్కుండా వీధంతా అదే విల్లు.

"ఇది సూదితో వచ్చిన చావు కాదు నరేషూ. కడుపులోకి పోయినది. చచ్చేసరికి అది పోయి గంట కూడా అయ్యుండదు."

"రుజువు?"

"లేదు."

"అయితే నాను టీ తాగినంతసేపు టైమిస్తాను. టీ అయిపోతే బండి శ్రీకాకుళం పోతాది. జగన్నాధం గారు పైవోళ్ళ సేత రెండుసార్లు ఫోను సేయించినారు. నా ఉద్యోగం నాకుండాల కదా మావా." ఇంట్లోకి కేకేశాడు. "అమ్మా, ఆ టీ ఏదో కాస్త పెద్ద గ్లాసుతో పంపండి! మావ మెల్లగా నడుస్తాడు."

ఆ ఒక్క మాటకి కాశీవిశ్వనాథం అతన్ని సగం క్షమించాడు.

పెరట్లో నారాయణమ్మ కత్తిపీట ముందు కూర్చుని కంద తరుగుతోంది. అరవై దాటిన మనిషి, బక్కపలచన. అతన్ని చూసి లేవబోయింది, వద్దన్నాడు. నీళ్ళ గాబు పక్కన తలకిందులుగా బోర్లించిన అల్యూమినియం పళ్ళెం. కుక్కది. ఇంకా ఎవరూ లోపల పెట్టలేదు. మామిడి చెట్టు కింద కొత్తగా తవ్విన మట్టి, దానిమీద నాలుగు బంతిపూలు. చెట్టు కొమ్మలు రెండు చోట్ల కొత్తగా నరికి ఉన్నాయి.

అతను గోడవారన మూడు రాళ్ళ పొయ్యి చూశాడు. పొయ్యి పక్కన చిన్న ఇత్తడి గిన్నె, దానిలో బోర్లించిన స్టీలు గ్లాసు.

"లోపల గ్యాసున్నట్టుంది. బయట పొయ్యెందుకమ్మా?"

"నీళ్ళు కాసుకోడానికి బాబూ."

కాశీవిశ్వనాథం గిన్నె తీసి లోపల వేలితో రాశాడు. ఎంత తోమినా పోని పసరు మరక. ఆవిడకి చూపించాడు.

కంద ముక్క ఆవిడ చేతిలోంచి జారింది.

"తమ్ముడికి సెప్పకండి బాబూ. డాక్టరమ్మ బదనిక జాతన్నాది కదా. ఆ మందు సీసాలయిపోతే మరేటి సేస్తామని, నానే మన బదనిక తెచ్చి కషాయం కాసి పోసేదాన్ని. ఈ మామిడి సెట్టుదే. నెల్లాళ్ళయినాది. ఏటీ అవలేదు. బాగుండేవోడు. కంచం నాకీసేవోడు."

"ఆదివారం కూడా పోశారా?"

"పోసినాను."

"ఎన్నింటికి?"

"గడియారం సూళ్ళేదు. పుట్ట కాణ్ణించి వచ్చి, మడిబట్ట మార్సుకొని, కాసి పోసినాను. మా ఇంటి కాడ తొలి బాంబు అప్పటికింకా పేల్లేదు." ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నాను పోసిందానికి కాదు బాబూ! ఎప్పుడూ పోసేదే కదా."

"ఎప్పుడూ పోసేదేనా? అదే చెట్టుదా?"

"కాదు. మామిడి సెట్టు బదనికంతా కొట్టించీసినాడు కళ్యాణు, సెట్టు సెడిపోతాదని. ఆదివారం పొద్దున్న ఎల్లాజీ వేరే కట్ట తెచ్చినాడు. మిల్లులో పనిసేస్తాడు ఆడు. ఏటన్నాడో తెలుసా? కట్ట నా కాళ్ళ కాడ పడీసి, 'ముష్టి బదనికమ్మా, సూసుకోండి' అన్నాడు. ఎంత పొగరో సూడండి! ఇరవై ఏళ్ళు మా తిండి తిని, మాకు ఇచ్చీది ముష్టా? నోరుముయ్యరా ఎదవా అన్నాను. మూసుకొని పోనాడు. మరలా మాటాడ్లేదు."

కాశీవిశ్వనాథానికి నవ్వొచ్చింది. కూలీవాడు యజమానురాలికి బిచ్చం వేసినట్టు ఆకుకట్ట వేశాడట. కోపం రాదూ మరి! నవ్వుతూనే గోడ మూల చెత్తకుప్ప దగ్గరికి వెళ్ళాడు. నడుం పట్టుకుని వంగాడు. అరిటాకులు, చవితి పూలు, కంద తొక్కలు. వాటి కింద, వాడాక పారేసిన పుల్లలు.

బదనిక పుల్ల దొరికింది. పీక్కోడం కుదరక, దాన్ని మోసిన కొమ్మ ముక్కతో సహా విరిచేశారు. బదనిక వేరు ఆ కొమ్మలోకి బుడిపెలా దిగబడి ఉంది. కొమ్మకి వాడిన ఆకులు మూడు. గుండ్రంగా ఉన్నాయి. తొడిమ దగ్గర్నుంచి మూడు ఈనెలు విడివిడిగా లేచి చివరిదాకా పోయాయి.

మామిడాకు కాదు. వేపా కాదు. ఈ ఆకు ఎక్కడో చూశాడు. ఎక్కడ? బుర్ర పనిచెయ్యలేదు. రాత్రి నిద్ర లేదు, పొద్దున్న బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో గుర్తులేదు. ఆకు వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. అరుగు మీద గ్లాసు పెట్టిన చప్పుడైంది. ఎస్సై టీ అయిపోవచ్చిందేమో.

ముష్టి బదనిక.

ఆకుని వెలుగుకి ఎత్తి పట్టాడు.

ఎల్లాజీ తిట్టలేదు. పొగరుకీ పోలేదు. వాడు చెట్టు పేరు చెప్పాడు. ముష్టి చెట్టు. ఊరి బయట గుట్టల మీద పెరుగుతుంది. దాని గింజల పొడే మునిసిపాలిటీ వాళ్ళు మాంసంలో పెట్టింది. మాను విషం. ఆ మాను రసం పీల్చి పెరిగిన బదనిక కూడా విషమే. ఏ చెట్టు మీద మొలిస్తే ఆ చెట్టు గుణం పుచ్చుకుంటుందని తెలిసినవాళ్ళు అందుకే అంటారు. 'సూసుకోండి' అన్నాడు వాడు. జాగ్రత్త చెప్పాడు. ఆవిడ తిట్టింది. నోరు మూసుకున్నాడు. తిండి పెట్టేవాళ్ళు నోరుముయ్యమంటే మూసుకోకేం చేస్తాడు?

కాశీవిశ్వనాథం వచ్చి ఆవిడ ఎదురుగా, నేల మీదే కూర్చున్నాడు. కొమ్మ ముక్క మధ్యలో పెట్టాడు. చెప్పాడు. ఎంత మెల్లగా చెప్పినా ఆ మాట మెత్తబడలేదు.

నారాయణమ్మ ఆ ఆకుల్ని వేలితో తాకింది.

"అయితే నానే సంపీసినాను."

"మీరు కాదు. డాక్టరమ్మా కాదు."

"సేదుగా ఉన్నాదని మూతి తిప్పుకున్నాడు బాబూ. బెల్లమేసినాను. పుట్టకి పొయ్యగా మిగిలిన పాలు కలిపినాను. అయినా తాగలేదు. నా సేత్తో పడితే తాగినాడు. నాను ఇస్తే ఏదైనా తాగీసేవోడు ఎర్రిముండాకొడుకు."

ఆవిడ ఏడుపు చప్పుడు లేని ఏడుపు. అలాంటి ఏడుపులు అతను ఉద్యోగంలో చాలా చూశాడు. అలవాటవుతుందన్నారు గానీ అవలేదు. తల తిప్పుకున్నాడు. తిప్పుకున్న కళ్ళకి ఇత్తడి గిన్నె, అందులో గ్లాసు కనిపించాయి. కుక్క తాగేది పళ్ళెంలో. మరి గ్లాసెందుకు?

"ఎన్ని నీళ్ళు పోసి కాస్తారమ్మా?"

"నాలుగు గ్లాసులు. రెండయ్యేదాకా."

"వాడికి?"

"ఓ గ్లాసు."

"రెండోది?"

ఆవిడ ఏడుపు ఆగిపోయింది.

"రెండో వాటా ఎవరిదమ్మా?"

నారాయణమ్మ పైట సరిచేసుకుంది. ఎడం చంక కిందికి చెయ్యి దానంతట అదే పోయింది, అక్కడే ఆగింది. ఇంక ఆవిడ చెప్పక్కర్లేకపోయింది. అయినా చెప్పింది.

"రెండేళ్ళయినాది. ఎవరికి సెప్పుకోను? తమ్ముడింట్లో కూడు తింటన్నదాన్ని. వాడి గడ్డకి డాక్టరమ్మ కారేసుకొని వచ్చినాది. నా గడ్డ సంగతి నాకూ బుల్లోడికీ తప్ప ఎవులికీ తెల్దు. వాడు వచ్చి ఇక్కడ మూతి ఆన్సి కూకునీవోడు. మనుషులకి కూడా ఇస్తారని డాక్టరమ్మన్నాది కదా. వాడికో గ్లాసు, నాకో గ్లాసు. ఇద్దరం తాగీవోళ్ళం."

"ఆదివారం మీరు తాగలేదా?"

"చవితి ఉపాసం కదా బాబూ. పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. పారబొయ్యడానికి మనసొప్పలేదు. వాడికే పోసీసినాను." ఆవిడ బోర్లించిన పళ్ళెం కేసి చూసింది. "నా వాటా కూడా వాడే తాగీసినాడు."

కాశీవిశ్వనాథం కళ్ళు మూసుకున్నాడు. లేచి వెళ్ళిపోవాలనిపించింది. ప్యాసింజరు ఎక్కి, విజయనగరంలో దిగి, తలుపేసుకుని పడుకోవాలనిపించింది. ఎవడో ఈవిడ గ్లాసులో పెట్టిన చావు కుక్క పళ్ళెంలోకి పోయింది. కుక్కకి శత్రువులుండరు. ఈవిడకి ఎవరున్నారు?

"మీ పేరున ఏమన్నా ఉందా అమ్మా? ఇల్లూ పొలం?"

"నా పేరునేటుంటాది? మా ఆయన పోతూ పోతూ ఇడిసిన మెట్ట భూమి, భోగాపురం కాడ. సరుగుడు తప్ప ఏటీ పండదు. ఇప్పుడక్కడ ఇమానాలు దిగుతాయంట. కాయితాల మీద వేలుముద్రెయ్యమని కళ్యాణు ఎంటబడతాడు. మిల్లు అప్పుల్లో ఉన్నాదంట. మా ఆయన కాళ్ళు తిరిగిన నేలరా, నాను సచ్చినాక ఎలాగూ నీదే కదా, అప్పుడు తీసుకో అన్నాను."

"అలా అన్నారా?"

"అన్నాను. తప్పేటి?"

తప్పేమీ లేదు. ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్ళు అనే మాటే అది. వినేవాడు ఎలా వింటాడన్నది వేరే సంగతి.

"ఎల్లాజీ ఎక్కడున్నాడు?"

"ఆదివారం మద్దినేల లారీ మీద ఒడిశా ఎల్లిపోనాడు. కళ్యాణే పంపినాడు, పండగ పూట కూడా. ఆ కట్ట తెమ్మన్నోడూ కళ్యాణే."

"మీరు కషాయం తాగుతున్నట్టు కళ్యాణ్‌కి తెలుసా?"

"సెప్పినాను కదా బాబూ. ఎవులికీ తెల్దు. కుక్కకని తెలుసు, అంతే."

వీధిలోంచి నరేష్ గొంతు. "మావా! టీ అయిపోనాది. గ్లాసు కూడా కడిగీసినారు. నాను బయల్దేరతన్నాను." జీపు తలుపు ధనామని పడింది.

కాశీవిశ్వనాథం నేలకి చెయ్యి ఆన్చి లేవబోయాడు. మోకాలు లేవనివ్వలేదు. రెండోసారి ప్రయత్నిస్తుండగా పెరటి తలుపు తెరుచుకుంది. ముప్పై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, చంకలో ఆకుకట్ట. ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్న ముసలాయన్ని అతను చూడలేదు. గాబు అడ్డమొచ్చింది.

"అత్తా, ఇదిగో. ఈసారి మామిడిదే. పూట తప్పకుండా కాసుకో."

కట్ట పొయ్యి పక్కనున్న గట్టు మీద పడింది. ఆకులు కదిలాయి. గుండ్రటి ఆకులు. మూడు ఈనెలు.

నారాయణమ్మ కట్టని చూసింది. నేల మీదున్న కొమ్మ ముక్కని చూసింది. చదువు లేకపోయినా ఆకుకీ ఆకుకీ పోలిక తెలీదా?

"కుక్క సచ్చిపోనాది కదరా కళ్యాణూ" అంది. "ఇంకెవరికి కాయాల?"

కళ్యాణ్ అడుగు వెనక్కి వేశాడు. అప్పుడు కనిపించాడు అతనికి కాశీవిశ్వనాథం, గాబు పట్టుకుని, మూలుగుతూ లేస్తూ.

"ఎవరు నువ్వు?"

కాశీవిశ్వనాథం చేతులు దులుపుకున్నాడు. నాలుగడుగులు వేసి, గట్టు దగ్గరికి వెళ్ళి, ఆ కట్ట మీదే కూర్చున్నాడు. పుల్లలు పటపటమన్నాయి.

"లే."

"మోకాళ్ళు నొప్పి బాబూ. కూర్చుంటే లేవలేను. ఎస్సై వచ్చి లేపితే లేస్తాను."

వీధిలో జీపు స్టార్టయింది. కళ్యాణ్ విన్నాడు. వెనక్కి చెయ్యి చాచి పెరటి తలుపు గడియ వేశాడు. ఇంట్లోకి పోయే తలుపు కూడా దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టాడు. అతని చూపు కత్తిపీట మీద పడింది.

అప్పటికే దానిమీద నారాయణమ్మ కాలుంది.

తమ్ముడింట్లో కూడు తింటున్నందుకు ఆ ఇంట్లో ఏనాడూ గట్టిగా దగ్గని మనిషి. కత్తిపీటని కాలితో నేలకి తొక్కిపట్టి, నిటారుగా నిలబడి, గొంతెత్తింది.

"ఓ ఎస్సై బాబో! డాక్టరమ్మనొగ్గీ! బుల్లోణ్ణి సంపినోడు ఇక్కడున్నాడు!"

బయట జీపు ఇంజను ఆగింది, బూట్ల చప్పుడు అరుగెక్కింది. లోపల కళ్యాణ్ చొక్కా చేతులు మడుచుకుంటూ ముందుకొచ్చాడు. కాశీవిశ్వనాథం కట్ట మీద మరి కాస్త బరువు వేసి కూర్చున్నాడు.